దరఖాస్తు నంబరు ఒకటి

పెద్ద వస్తువు చిన్నదైతే ప్రగతి అనీ, ఆ చిన్న వస్తువు జేబులో పట్టేస్తే మహా ప్రగతి అనీ పైనుంచి సర్క్యులర్ వచ్చిన ఏడాది, నాగూరుపేట పురపాలక సంఘం మొత్తాన్నీ ఒక్క పెన్‌డ్రైవులోకి ఎక్కించేశారు. పన్నెండు సెక్షన్లు, నలభై ముగ్గురు ఉద్యోగులు చేసే పని, ఊరి కుళాయిలు, వీధి దీపాలు, జనన మరణాలు, కుక్కల లైసెన్సులు అన్నీ కలిసి చిటికెన వేలంత ముక్కలో సర్దుకున్నాయి. దాన్ని గుచ్చడానికి అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన జేబు కంప్యూటరొకటి వచ్చింది. దానికి తగిలించడానికి గోడంత టీవీ వచ్చింది. ఇక కాగితం అవసరం లేదు కనుక బీరువాలు, ప్రింటర్లు, రబ్బరు స్టాంపులు, ఆఖరికి మేనేజరు వరాహమూర్తిగారి చెవి మీద ఇరవై ఏళ్ళుగా ఉంటున్న పెన్సిలు కూడా లారీలో ఎక్కించి పంపేశారు.

ఈ పెన్‌డ్రైవుకి సంరక్షకుడిగా సీనియర్ అసిస్టెంటు లెంక అప్పలసూరిని నియమించారు. అతని సాంకేతిక అర్హత ఏమిటంటే, రెండేళ్ళ కిందట మేనేజరుగారి ఫోనులో రింగ్‌టోన్ మార్చి ఇచ్చాడు. పొద్దున్న పదింటికి పెన్‌డ్రైవుని గుచ్చడం, సాయంత్రం అయిదింటికి పీకి ఇనప్పెట్టెలో పెట్టడం అతని డ్యూటీ. గుచ్చితే నాగూరుపేట మేలుకుంటుంది, పీకితే పడుకుంటుంది.

బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి అన్నీ చూపించి, బస్సుకి టైమైపోతోందని గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఒక ముక్క చెప్పాడు.

"సాయంత్రం ఆపేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుందండీ. ఈ రోజు చేసిన పనిని దాచమంటారా అని. అవును నొక్కితే దాస్తుంది. కాదు నొక్కితే రేప్పొద్దున్న కొత్తదానిలా లేస్తుంది. అంతేనండి, వస్తాను."

అందరూ అలాగే అన్నారు. ఆ రోజు సాయంత్రం అయిదింటికి టీవీ మీద ప్రశ్న వచ్చింది. అప్పలసూరి వేలు 'అవును' మీదకి వెళ్తుండగా వరాహమూర్తిగారు గబుక్కున అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఆగవయ్యా! అవును అనడానికి నువ్వెవరు?"

"పని దాచాల కదండీ."

"దాచాలనే నేనూ అంటున్నాను. కానీ ఏ రూలు కింద అంటున్నావు అవునని?"

ఆ ఆఫీసు పద్ధతి తెలియనివాళ్ళకి ఈ మాట వింతగా ఉండొచ్చు. అక్కడ 'కాదు' అనే మాట అటెండరు మొదలుకొని కమిషనరు దాకా ఎవరైనా, ఎప్పుడైనా, ఎవరితోనైనా అనవచ్చు. కాదన్నందుకు ఎవరినీ ఎవరూ సంజాయిషీ అడిగిన దాఖలా లేదు. 'అవును' అనాలంటే మాత్రం రూలు నంబరు కావాలి, పై వారి మంజూరు కావాలి, రేపు ఏదైనా తేడా వస్తే ఎవరి మెడకి చుట్టాలో ఆ పేరు కావాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో వరాహమూర్తిగారు ఒక్కసారి కూడా అవునని ఎరగరు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే 'పరిశీలిస్తాం' అన్నారని ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

విషయం కమిషనరు చంద్రకేతుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"సమర్థాధికారి అనుమతి లేనిదే సానుకూల ప్రత్యుత్తరం ఇవ్వజాలము. అవును అనుటకు అనుమతి కోరుతూ డైరెక్టరేటుకు లేఖ తయారు చేయండి. అనుమతి వచ్చునంత వరకు, తాత్కాలిక ప్రాతిపదికన, కాదు."

లేఖను అప్పటికప్పుడు ఆ మెషీన్లోనే టైపు చేశారు. డిస్పాచ్ నాలుగింటికే మూసేస్తారు కనుక రేపు పంపుదామని పక్కన పెట్టారు. తరవాత అప్పలసూరి 'కాదు' నొక్కాడు. ఆ రోజు పనితో పాటు లేఖ కూడా పోయింది.

మర్నాడు పొద్దున్న టీవీ మీద ఏమీ లేదు. నిన్నటి దరఖాస్తులు లేవు, ఫిర్యాదులు లేవు, అటెండెన్సు లేదు. నలభై ముగ్గురి ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు. సరిగ్గా పది గంటల అయిదు నిమిషాలకి రోజూ వచ్చినట్టే డైరెక్టరేటు నుంచి ఫోను వచ్చింది.

"పెండింగు ఎంత?"

వరాహమూర్తిగారు టీవీ వైపు చూసి, అక్కడ ఉన్నదే చదివారు. "సున్నా అండి."

పక్క ఊళ్ళన్నీ పెండింగుని వేలల్లో చెబుతుంటాయి. అవతలి గొంతు ఎంతో గౌరవంగా, "మళ్ళీ చెప్పండి" అంది. ఆయన మళ్ళీ చెప్పారు. మధ్యాహ్నానికల్లా డైరెక్టరుగారి అభినందన వచ్చింది. ఆ సాయంత్రం ప్రశ్న వచ్చినప్పుడు చంద్రకేతుగారు స్వయంగా వచ్చి నిలబడి, "కాదు" అన్నారు. ఈసారి తాత్కాలిక ప్రాతిపదిక అనే మాట వాడలేదు.

ఇక నాగూరుపేట ప్రతి ఉదయం కొత్తగా పుట్టసాగింది. సోమవారం నమోదైన పాప మంగళవారం మళ్ళీ పుట్టాల్సి వచ్చింది. ఆ తండ్రి రోజూ పిల్లని చంకనేసుకుని వచ్చి, రోజూ పేరు పెట్టించుకుని వెళ్ళేవాడు. కుళాయి పగిలిందన్నవాళ్ళు రోజూ మొదటి నుంచీ చెప్పుకునేవారు, సిబ్బంది రోజూ మొదటిసారి విన్నట్టే అయ్యో అనేవారు. ఉద్యోగులకి మాత్రం హాయిగానే ఉంది. చంద్రకేతుగారికి ముక్కు మీద కోపం కనుక రోజుకి ఇద్దరు ముగ్గురు సస్పెండయ్యేవారు. అయిదింటికి 'కాదు' నొక్కగానే అందరూ మళ్ళీ ఉద్యోగస్తులే. కొందరైతే తమ వంతు ఎప్పుడొస్తుందో ముందే లెక్కేసుకుని ఆ రోజు సినిమాకి వెళ్ళిపోయేవారు.

ఇలా అందరూ సుఖంగా ఉన్న రోజుల్లో, మజ్జి గౌరమ్మకి కష్టం వచ్చింది.

గౌరమ్మ టిఫిను బండి పదిహేనేళ్ళుగా ఆఫీసు గేటు పక్కనే ఉంది. ఆమె దిబ్బరొట్టె తినని ఉద్యోగి ఆ ఆఫీసులో లేడు. కమిషనరుగారికి కూడా పదకొండింటికి పొట్లం వెళ్తుంది, కొబ్బరి పచ్చడి విడిగా. అయితే ఊరి అందం కోసం ఒక ఉత్తర్వు వచ్చింది. ఫుట్‌పాత్ మీద బళ్ళు పెట్టుకునేవారు నెలాఖరులోగా స్థల అనుమతి పొందాలి. ఒకటో తారీఖు నుంచి అనుమతి లేని బండి కనబడితే లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. దరఖాస్తు పరిశీలనలో ఉన్నవారి జోలికి మాత్రం వెళ్ళరాదు. ఈ ఉత్తర్వుని గేటు గోడ మీద ఎర్ర రంగుతో రాయించారు కనుక అది ఒక్కటీ ఏ సాయంత్రమూ పోలేదు.

గౌరమ్మ నాలుగో తారీఖునే వచ్చి దరఖాస్తు పెట్టుకుంది. అప్పలసూరి వివరాలు ఎక్కించాడు. టీవీ మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. 'ధన్యవాదములు. మీ దరఖాస్తు నంబరు 1. మొదటి రోజు స్వీకరణ, రెండవ రోజు స్థల తనిఖీ, మూడవ రోజు అనుమతి.'

"ఒకటో నంబరా బాబూ! నాకన్నా ముందల ఎవులూ రానేదేటి?" అని మురిసిపోయి ఆమె ఆ రోజు అతనికి రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది.

అయిదో తారీఖున ఆమె ఒకటో నంబరు. ఆరో తారీఖున ఒకటో నంబరు. మిగతా బళ్ళవాళ్ళు మూడో రోజుకే విసిగిపోయి బస్టాండు వైపు తరలిపోయారు. గౌరమ్మ పోలేదు. అక్కడ ఆమెని ఎవరెరుగుదురు? పైగా ఆమె మొగుడు పోయిన నాటి నుంచీ ఆ బండే ఆమెకి ఇల్లూ వాకిలీ. పదో తారీఖుకి ఆమెకి మురిపెం పోయింది, పదిహేనుకి కోపం పోయింది, ఇరవైకి భయం పట్టుకుంది.

"సూరిబాబూ, రోజూ ఒచ్చి నా పేరు సెప్తన్నాను, మా ఆయన పేరు సెప్తన్నాను. నిన్న సెప్పింది యావైపోతన్నాది?" అంది, అట్లకాడ పట్టుకుని.

అప్పలసూరి నోట్లో రొట్టె ముక్క అటూ ఇటూ కాకుండా ఆగిపోయింది. ఏమవుతోందో అతనికి తెలుసు. పొద్దున్న ఆమె చేతి రొట్టె తిని, సాయంత్రం ఆ తిన్న చేతి వేలితోనే ఆమెని తుడిచేస్తున్నది తనే. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"సిస్టమ్‌లో ఉందిలే గౌరమ్మా" అని అబద్ధం ఆడి, చెయ్యి కడుక్కుని లోపలికి పోయాడు.

ఆ రోజు ధైర్యం చేసి వరాహమూర్తిగారితో అన్నాడు. "సార్, గేటు దగ్గర గౌరమ్మ సెలవులు పోను పదమూడుసార్లు దరఖాస్తు పెట్టింది."

"పదమూడా?" మేనేజరుగారు టీవీ వైపు చూశారు. "ఒక్కటే ఉంది కదయ్యా. అదీ ఇవాళ్టిది."

"మిగతా పన్నెండూ నేనే ఎక్కించాను సార్. నాకు గుర్తుంది."

వరాహమూర్తిగారు ఉలిక్కిపడి తలుపు దగ్గరికి వేశారు. "నెమ్మదిగా మాట్లాడు. గుర్తుండడం ఏమిటి? ఎక్కడ గుర్తుంది? పెన్‌డ్రైవులో ఉందా?"

"బుర్రలో అండి."

"నీ బుర్రని డిపార్టుమెంటు గుర్తించిందా? స్టాకు రిజిస్టరులో ఉందా? రేపు ఆడిట్ వాళ్ళొచ్చి, ఈ బుర్ర ఎవరి అనుమతితో వాడుతున్నారని అడిగితే నేనేం చెప్పను? పిల్లలు గలవాడివి, మరిచిపో."

"ఎలా మరిచిపోనండి? పొద్దున్నే ఆవిడ రొట్టే తిన్నాం మనిద్దరమూ."

"తిన్నది వేరు, తెలిసింది వేరు" అన్నారు మేనేజరుగారు. అన్నాక ఆయనే కాస్త నొచ్చుకున్నారు గానీ, అవుననలేదు.

ఈలోగా రాష్ట్రంలోకెల్లా ఉత్తమ శూన్య పెండింగు కార్యాలయంగా నాగూరుపేటను ఎంపిక చేయవచ్చని కబురు తెలిసింది. చంద్రకేతుగారు పట్టలేని ఉత్సాహంతో సిబ్బంది చేత రోజూ పదింటికి ప్రతిజ్ఞ చేయించసాగారు. నలభై ముగ్గురూ చెయ్యి చాచి, 'గత దినపు విషయములు నాకు తెలియవు, తెలిసినను తెలియవు' అనేవారు. జ్ఞాపకశక్తి ఎక్కువని ఊళ్ళో పేరున్న జనన మరణాల గుమాస్తాని సెలవు మీద పంపించేశారు.

ముప్పై ఒకటో తారీఖున ఎంపిక కమిటీ వచ్చింది. అధ్యక్షుడుగారు లావుపాటి మనిషి. గేటు దగ్గరే ఆగి రెండు దిబ్బరొట్టెలు తిని, ఈ ఊరికి మంచి భవిష్యత్తు ఉందని చెప్పి లోపలికి వచ్చారు. గౌరమ్మ కూడా చెయ్యి తుడుచుకుంటూ వెనకే వచ్చి, పంతొమ్మిదోసారి ఒకటో నంబరు తీసుకుని, స్తంభం పక్కన నిలబడింది. ఆమె కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

"అద్భుతం!" అన్నారు అధ్యక్షుడుగారు. "నిన్నటివి, మొన్నటివి ఏమీ లేవే! ప్రజలకి ఇంక సమస్యలే లేవన్నమాట."

"సమస్య ఉద్భవించిన దినముననే అస్తమించును" అన్నారు చంద్రకేతుగారు వినయంగా.

అప్పలసూరి మాట్లాడకూడదనే అనుకున్నాడు. నాలుక కరుచుకునే నిలబడ్డాడు. కానీ గౌరమ్మ అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. రేపు లారీ వస్తుందని తెలిసిన మనిషి చూసే చూపు అది.

"ఆవిడ పంతొమ్మిదిసార్లు పెట్టింది సార్" అన్నాడు. గొంతు అతనిదే అని అతనికే నమ్మకం కుదరలేదు.

అధ్యక్షుడుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎక్కడున్నాయి ఆ పంతొమ్మిది?"

"నా బుర్రలో ఉన్నాయండి. తారీఖులతో సహా చెప్పమంటారా?"

అధ్యక్షుడుగారు రెండడుగులు వెనక్కి వేశారు. చంద్రకేతుగారి ముఖం కందగడ్డైంది. కమిటీని గబగబా గుళ్ళూ గోపురాలూ చూపించడానికి పంపేసి, మూడింటికల్లా తనే కూర్చుని సస్పెన్షను ఉత్తర్వు టైపు చేశారు.

'శ్రీ లెంక అప్పలసూరి, సీనియర్ అసిస్టెంటు, ప్రభుత్వ సమాచారమును అనుమతి లేని ప్రదేశమందు, అనగా తన శిరస్సునందు, దీర్ఘకాలముగా అక్రమముగా నిల్వ ఉంచుకొనుటయే గాక, బయటి వ్యక్తుల సమక్షమున దానిని వెల్లడించినందున, రేపటి ఉదయము నుండి సస్పెండు చేయబడినాడు. సంరక్షక బాధ్యతలు మేనేజరు స్వీకరించవలెను. విచారణ మూడు పని దినములలో పూర్తగును.'

అయిదు కావస్తుండగా వరాహమూర్తిగారు అప్పలసూరి భుజం మీద చెయ్యి వేశారు. నిజానికి ఆయన చెడ్డవాడు కాదు.

"ఏం బెంగ పెట్టుకోకు. ఎప్పటిలాగే కాదు నొక్కేసి ఇంటికెళ్ళి పడుకో. రేప్పొద్దున్నకి నీ సస్పెన్షనూ లేదు, ఏమీ లేదు. కమిటీ ముందు తప్పదని టైపు చేశారంతే" అని, టిఫిను క్యారేజీ అందుకుని బయల్దేరారు.

అందరూ వెళ్ళిపోయారు. టీవీ మీద రోజూ వచ్చే ప్రశ్నే వచ్చింది. 'ఈ రోజు చేసిన పనిని దాచమంటారా?'

కమిటీ వస్తోందని మిగతా జనాన్ని గేటు దగ్గరే ఆపేశారు కనుక ఆ రోజు పెన్‌డ్రైవులో ఉన్నవి రెండే. ఒకటి గౌరమ్మ దరఖాస్తు, రెండు తన సస్పెన్షను. కాదంటే రెండూ పోతాయి. రేపు తను కుర్చీలో ఉంటాడు, బండి లారీలో ఉంటుంది. అవునంటే రెండూ ఉంటాయి. అప్పలసూరి వీరుడేమీ కాదు. ఇంట్లో భార్యకి ఏం చెప్పాలా అని ఆలోచించాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో తను కూడా ఎవరికీ అవునని చెప్పలేదని అప్పుడే అతనికి తట్టింది. అది తలుచుకుంటే అన్నిటికన్నా ఎక్కువ బాధేసింది.

వేలు చాచి 'అవును' నొక్కాడు.

ఏ గంటలూ మోగలేదు. మెషీను రెండు క్షణాలు ఆగి, 'దాచడమైనది' అంది. అతను పెన్‌డ్రైవు పీకి, ఇనప్పెట్టెలో పెట్టి, తాళాలు వరాహమూర్తిగారింట్లో ఇచ్చేసి నడిచి ఇంటికి వెళ్ళాడు.

ఒకటో తారీఖు పొద్దున్న పదింటికి లారీ గేటు ముందు ఆగింది. సూపర్‌వైజరు దిగి, జాబితా కోసం లోపలికి వచ్చాడు. వరాహమూర్తిగారు పెన్‌డ్రైవు గుచ్చారు. టీవీ మీద అక్షరాలు వచ్చాయి. 'దరఖాస్తు నంబరు 1. మజ్జి గౌరమ్మ. పరిశీలనలో ఉన్నది. రెండవ రోజు.' కింద, ఎర్రగా, 'మొత్తం పెండింగు: 1.'

"పరిశీలనలో ఉంది కదా, ముట్టుకోకూడదు" అని సూపర్‌వైజరు లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. గౌరమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని పొయ్యి వెలిగించింది. పది గంటల అయిదు నిమిషాలకి ఫోను వచ్చింది. 'ఒకటి' అని చెప్పేసరికి వరాహమూర్తిగారికి దాహమేసింది.

చంద్రకేతుగారు మండిపడ్డారు. ఆ దరఖాస్తుకి వెంటనే అనుమతి ఇచ్చి పారేయమన్నారు. వరాహమూర్తిగారు టేపు పట్టుకుని పరుగెత్తి బండిని కొలిచి, తనిఖీ పూర్తయిందని ఎక్కించారు. రేపు మూడో రోజు, అనుమతి ఇచ్చేస్తే పీడ విరగడవుతుంది. కానీ సాయంత్రం ప్రశ్న వచ్చినప్పుడు ఆయన 'కాదు' తప్ప ఏం నొక్కగలరు? మర్నాడు మళ్ళీ రెండో రోజే. మళ్ళీ పెండింగు ఒకటి. మళ్ళీ టేపు.

కంపెనీ మనిషికి ఫోను చేస్తే, అదెంతసేపండీ, దాచినదాన్ని చెరిపేయమంటారా అని అడుగుతుంది, అవును నొక్కండి అన్నాడు. ఆ సలహా విని చంద్రకేతుగారు రెండు రోజులు భోజనం చేయలేదు. అవార్డు పక్క ఊరికి పోయింది.

అప్పలసూరి సస్పెన్షను కూడా అంతే. ప్రతి ఉదయం కొత్తగా అమల్లోకి వస్తుంది, విచారణ ఏ రోజుకీ మూడో రోజుకి చేరదు. భార్య మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు తనే, ఆవిడ బండి ఉందా అని అడిగింది. ఉందన్నాడు. సరే అయితే అంది. అతను రోజూ పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చి గౌరమ్మ బల్ల మీద కూర్చుంటాడు. అతనికి దిగులుగానే ఉంటుంది గానీ, ఆమె రొట్టె మాత్రం ఇప్పుడు గొంతు దిగుతోంది.

ఇరవయ్యో రోజున బండి కొలవడానికి వచ్చిన వరాహమూర్తిగారు, టేపు చుట్టేసి, గొంతు తగ్గించి అన్నారు.

"గౌరమ్మా, ఓ మాట విను. ఆ దరఖాస్తు నువ్వే వెనక్కి తీసుకో. రోజూ పొద్దున్న పదింటికి ఒకసారి వచ్చి తీసుకుంటే చాలు, ఫోనొచ్చే వేళకి మా సున్నా మాకుంటుంది. నీ బండి జోలికి ఎవరూ రాకుండా నేను చూసుకుంటాను."

గౌరమ్మ పెనం మీద రొట్టె తిరగేసింది. "మాటిత్తారా బాబూ?"

"ఇస్తున్నాను కదా."

"మరి రేపు గురుతుంటాదేటి?"

వరాహమూర్తిగారు నోరు తెరిచారు. అవునందామనే తెరిచినట్టు అప్పలసూరికి అనిపించింది. ఆయన పెదాలు రెండుసార్లు కదిలాయి, ఒకసారి గోడ మీది ఎర్ర అక్షరాల వైపు, ఒకసారి ఆఫీసు వైపు చూశారు. గౌరమ్మ అట్లకాడ పట్టుకుని జవాబు కోసం ఓపిగ్గా నిలబడింది.

"పరిశీలిస్తాం" అని, కమిషనరుగారి పొట్లం తీసుకుని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.